జానెడు దాటిన తప్పు

"బ్యాగులో మన మోనిక పుస్తకాలు కూడా పెట్టేసినా. బడి వదిలేటప్పటికి గేటు కాడ ఉంటా. అట్నుంచి అటే చిత్తూరు బస్సు."

భువనేశ్వరి ఈ మాట మామూలుగానే అంది. అయినా ఎదురింటి అరుగు మీద బియ్యం ఏరుతున్న రుక్మిణమ్మ చేట పక్కన పెట్టి తలెత్తి చూసింది.

ఆ ఇంటికి కొత్తగా వచ్చిపడిన తంటా ఇదే. మొన్నటిదాకా ముందు వసారాలో రెండు పవర్‌లూమ్‌లు పొద్దస్తమానం దడదడలాడుతుంటే, ఉప్పు అందుకోమన్నా కేకేసి చెప్పాల్సి వచ్చేది. అందరివీ ఆ మోతలో పెరిగిన గొంతులు. నిన్న మధ్యాహ్నం అప్పులవాళ్ళు వచ్చి రెండు మగ్గాలనూ లారీకి ఎక్కించుకుపోయారు. మగ్గాలు పోయాయి గాని గొంతులు తగ్గలేదు. ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరేం మాట్లాడినా నగరి నేతవీధి మొత్తానికీ చెప్పినట్టే.

మురుగేష్ వసారా గడప మీద కూర్చుని ఉన్నాడు. మగ్గాలు ఉన్నచోట సిమెంటు నేల మీద నల్లటి నూనె మరకలు, బోల్టులు ఊడబెరికిన గుంతలు మిగిలాయి. మూలన గోడకు పట్టిన నూలు దుమ్ము గాలికి కొంచెం కొంచెంగా రాలుతోంది.

"నేను మాట్లాడతా ఉండేది ఎవురితో? గోడతోనా?"

"వింటానే ఉండా భువనా."

"వినకుండా ఎట్ల పోతావులే బావా. నీ చెవులు గట్టివి గదా!"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. రెండు మగ్గాలు ఒకేసారి మోగుతున్నా, ఏ మగ్గంలో పోగు తెగిందో చూడకుండానే చెప్పగలిగిన మనిషి మురుగేష్. అన్నం ముందు కూర్చున్నవాడు కూడా ఠక్కున లేచిపోయి, తెగిన పోగు పట్టుకుని ముడివేసి వచ్చి మళ్ళీ ముద్ద కలుపుకునేవాడు. "వరదయ్య కొడుకు నేసిన గుడ్డలో పోగు పోయిందని ఎవడన్నా అనమను" అని వీధి వీధంతా చెప్పుకునేది.

"ఒసేయ్ భువనా, గొంతు తగ్గించవే. ఎదురింటామె వింటా ఉండాది" అంది చౌడేశ్వరమ్మ వంటింటి గుమ్మంలోంచి.

"విననీ అత్తా. లారీకి ఎక్కించేటప్పుడు అందరూ చూసినారు గదా. ఇంక వినేదానికి ఏం మిగిలిందని?"

"నేనేం విన్లేదమ్మా!" అని అవతలి అరుగు మీద నుంచి రుక్మిణమ్మ గొంతు గట్టిగా వినిపించింది.

వేరే రోజైతే ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. ఇవాళ ఎవరికీ నవ్వు రాలేదు. చౌడేశ్వరమ్మ పోయి వీధి తలుపు సగం మూసి వచ్చింది.

భువనేశ్వరి ఆమెకు కోడలొక్కటే కాదు, తోడబుట్టిన అన్న కూతురు. చిన్నప్పుడు వేసవి సెలవులు ఇస్తే చాలు, చిత్తూరు నుంచి బస్సెక్కి మేనత్త ఇంటికి వచ్చేసేది. రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. అలా వచ్చిపోయే పిల్లే ఈ ఇంటి మనిషైంది. ఆ పిల్ల ఇప్పుడు బ్యాగు సర్దుకుంటుంటే, ఏ నోటితో ఆపాలో చౌడేశ్వరమ్మకు తెలియలేదు.

మురుగేష్ తండ్రి వరదయ్య పొద్దుటి నుంచి వెనక గదిలోనే, గుంతలో కాళ్ళు దించి నేసే గుంత మగ్గం గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పెట్టిన సంగటి పెట్టినట్టే ఉంది. నిన్న లారీ కదిలినప్పుడు లోపలికి పోయినవాడు, ఇంతవరకు కొడుకుతో ఒక్క మాట మాట్లాడలేదు.

భువనేశ్వరి బ్యాగు జిప్పు లాగి, వచ్చి భర్త ఎదురుగా నేల మీద కూర్చుంది. ఈసారి గొంతు బాగా తగ్గించింది. ఆ తగ్గిన గొంతుకే మురుగేష్‌కు భయమేసింది.

"బావా, నీతో కొట్లాడేదానికి నాకు ఓపిక ల్యా."

"ఇంక బెట్టు ముట్టను భువనా. గుళ్ళో చౌడమ్మ తల్లి సాక్షిగా చెప్తా ఉండా. కర్పూరం తెప్పించు, ఇప్పుడే అరిచేతిలో వెలిగిస్తా."

"వద్దు. కర్పూరం మాట ఎత్తొద్దు. మోనిక పుట్టినరోజుకి వెలిగించినావు. ఉగాదికి గుళ్ళో వెలిగించినావు. చెయ్యి కాలింది గాని బుద్ధి కాల్లేదు. నాకు ఒట్టు వద్దు. ఒక్క మాట అడగతా, నిజం చెప్పు చాలు."

"అడుగు."

"పోయిందంతా తిరిగి వస్తాదని నీ లోపల ఇంకా ఉండాదా?"

"లేదు."

అడిగీ అడగకముందే వచ్చేసింది జవాబు. భువనేశ్వరి అతని మొహంలోకి చూసింది. చూసి, మోకాళ్ళ మీద చేతులానించుకుని లేచింది.

"సరే" అని మళ్ళీ గదిలోకి పోయింది.

మురుగేష్ చెయ్యి తనకు తెలియకుండానే చొక్కా జేబు మీదికి పోయింది. జేబులో ఫోను ఉంది. సముద్రాల అవతల ఎక్కడో పొద్దున్నే మొదలైన క్రికెట్ ఆట ఈపాటికి ఆఖరి ఓవర్లలో ఉంటుంది. తీసి చూడాలని వేళ్ళు దురద పెడుతున్నాయి. భార్య ఎదుట ఎలా తీస్తాడు!

ఆ ఆట మీద అతను నిన్ననే బెట్టు కట్టాడు. నిన్న అంటే మగ్గాలు పోయిన రోజే. లారీ వీధి మలుపు దాటిందో లేదో, సైకిలెక్కి ధర్మేంద్ర దగ్గరికి పోయాడు. ఈ వీధిలో కుర్రాళ్ళ నుంచి ముసలాళ్ళ దాకా అందరి బెట్లూ ధర్మేంద్ర చేతి మీదుగానే పుత్తూరుకు పోతాయి.

కట్టడానికి దుడ్లు ఎక్కడివని అడిగేవాళ్ళు అక్కడ లేరు. ఇంట్లోనేమో ఎవరికీ తెలియదు. తిరుపతిలో కొత్తగా కట్టిన ఒక హోటల్ వాళ్ళు, వచ్చీపోయేవాళ్ళు చూడటానికి ముందు హాల్లో పెట్టుకుంటామని పాతకాలం గుంత మగ్గం కోసం వెతుకుతున్నారు. వెనక గదిలో ఉన్న తండ్రి మగ్గం మీద మురుగేష్ అప్పటికే వాళ్ళ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. రేపు పొద్దున బండి వస్తుంది.

ఆ మగ్గం మీద ఇప్పుడెవరూ నేయడం లేదు. అయినా వరదయ్య ప్రతి శుక్రవారం దాన్ని తుడిచి పసుపూ కుంకుమా పెడతాడు. అది పోతే ఆయన ఏమవుతాడో మురుగేష్‌కు తెలియక కాదు. ఆట గెలిస్తే బండి రాకముందే అడ్వాన్సు తిరిగిచ్చేయొచ్చు, మగ్గం కదలదు, మిగిలిన దాంతో పవర్‌లూమ్‌లు కూడా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇదీ అతను వేసుకున్న లెక్క. ఇంత దూరం ఆలోచించిన బుద్ధిమంతుడికి ఓడిపోతే ఏం చెయ్యాలన్నది మాత్రం తోచలేదు. ఎప్పుడూ తోచలేదు గనకే కదా ఇల్లు ఇక్కడిదాకా వచ్చింది!

"అత్తా, పోతా ఉండా" అంటూ భువనేశ్వరి బ్యాగుతో వచ్చింది.

"ఉండవే. ఒట్టి చేతుల్తో పంపిస్తానా నిన్ను?"

చౌడేశ్వరమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. కర్పూరం బిళ్ళల వాసన, పాత గంజి వాసన కలిసి బయటికొచ్చాయి. ఆ వాసనకే మురుగేష్ తల తిప్పి చూశాడు.

ఆ పెట్టెలో ఉండేవన్నీ తప్పుపోయిన చీరలే. ఈ ఇంటి ఆనవాయితీ అది. నేతలో ఎక్కడన్నా తప్పు పడితే ఆ చీర అంగడికి పోదు. తక్కువకిస్తామని కూడా ఎవరికీ అమ్మరు. మన తప్పును మనమే కట్టుకోవాల అనేవాడు వరదయ్య తండ్రి. అందుకని ఈ ఇంటి ఆడవాళ్ళు నలుగురికి మంచి చీరలు నేసిపెట్టి తాము మాత్రం తప్పుపోయినవే కట్టుకున్నారు. పిల్లలకు ఉయ్యాలలూ వాటితోనే వేశారు, పొత్తిగుడ్డలూ వాటితోనే చింపారు. మురుగేష్ ఊగిన ఉయ్యాలకు అంచు వంకర. మోనిక ఉయ్యాలకు పువ్వు తలకిందులు.

"ఇది తీసుకో" అని చౌడేశ్వరమ్మ అడుగు నుంచి ఒక చీర తీసింది.

ముదురాకుపచ్చ నూలు చీర. ఉతికి ఉతికి మెత్తబడిపోయింది. కొంగుకు కొంచెం ఈవలగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వేలెడు వెడల్పున చిలకపచ్చ పట్టీ ఉంది. ఉండకూడని చోట ఉన్న పట్టీ అది.

భువనేశ్వరి చెయ్యి చాపబోయి ఆగింది.

"ఇదా అత్తా?"

"ఇదే. నీ మొగుడు మొదటి తూరి ఒంటిగా నేసిన చీర. నా తర్వాత నీదేగా."

మురుగేష్ గడప మీద నుంచి లేచాడు.

అప్పుడతనికి పదో తరగతి సెలవులు. అప్పటికి వీధిలో ఇంకా పవర్‌లూమ్‌లు రాలేదు. తెల్లవారకముందే వీధి పొడుగునా నిలువు పోగుల పడుగులు సాగదీసి, ఇంటింటివాళ్ళూ వచ్చి గంజి పట్టించేవాళ్ళు. ఎవరి పడుగు ఎవరు పట్టుకున్నారని లేదు. కుంచెలు దువ్వుతూ పాటలు, మధ్యమధ్య మేలమాడడం, ఎండ ఎక్కేసరికి అందరికీ ఒకే కుండలో రాగి అంబలి. అంబలి తాగిన చేతులకు గంజి అంటుకునే ఉండేది. మురుగేష్‌కు ఇప్పటికీ ఆ అంబలి రుచి గుర్తొస్తే గంజి రుచి కూడా నాలుక మీదికి వస్తుంది.

ఆ వేసవిలో ఒకనాడు వరదయ్య గుంతలోంచి లేచి, "ఈ చీర నువ్వు నెయ్‌రా" అన్నాడు. మురుగేష్ కాళ్ళు గుంతలోకి దింపి కూర్చున్నాడు. గుంత లోపల చల్లగా, తడి మట్టి వాసనగా ఉంది. పక్కనే రాట్నం ముందు చిత్తూరు నుంచి వచ్చిన పదకొండేళ్ళ భువన. కండె అయిపోయినప్పుడల్లా కొత్త కండె చుట్టి అందించడం దాని పని.

మబ్బు పట్టిన మధ్యాహ్నం, కరెంటు లేదు. అడ్డపోగు లాక్కుంటూ నాడె అటూ ఇటూ పరుగెడుతుంటే మురుగేష్‌కు ఒళ్ళు తెలియలేదు. కొంగు దాటి మూరెడు నేశాక కరెంటొచ్చి బల్బు వెలిగింది. అప్పుడు కనబడింది, వెనక ఎక్కడో వేలెడు మేర పడిపోయిన చిలకపచ్చ.

"ఆ కండె చుట్టింది నేనే అత్తా" అంది భువనేశ్వరి ఉన్నట్టుండి.

"ఏ కండె?"

"ఇదో, ఈ పట్టీ. మబ్బులో రెండు పచ్చలూ ఒకటే మాదిరి కనబడినాయి. చూడకుండా చుట్టి ఇచ్చేసినా. మామ వచ్చి ఎవుర్రా ఇది అంటే, బావ నేనే నాయనా అన్న్యాడు. నేను రాట్నం ఎనక్కాల దాంకొని ఉండా."

చౌడేశ్వరమ్మ నోరు తెరిచింది. "ఇన్నేళ్ళు చెప్పలేదు గదే నువ్వు!"

"బావ చెప్పొద్దన్న్యాడు. చెప్తే ఇంక సెలవలకి రానీరని." భువనేశ్వరి నవ్వబోయింది. నవ్వు సగంలోనే చెదిరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అట్లాంటోడివి గదా బావా నువ్వు!"

మురుగేష్ చీర అంచు పట్టుకున్నాడు. వేళ్ళు వాటంతటవే పట్టీ దగ్గరికి పోయాయి.

ఆ రోజు అతను ఏడ్చాడు. మూరెడూ విప్పేసి మళ్ళీ నేస్తానని మొండికేశాడు. వరదయ్య తిట్టలేదు, కొట్టలేదు. పక్కన కూర్చుని, పోగులు దూరే పళ్ళ అచ్చు దగ్గర పడుగు మీద కొడుకు చెయ్యి పెట్టించి చెప్పాడు. "జానెడు లోపలైతే విప్పచ్చు నాయనా. జానెడు దాటినాక విప్పకూడదు. విప్పే కొద్దీ అచ్చు రాపిడికి పడుగు పీచులు లేస్తాది. ఒక పోగు తెగతాది, దాన్ని పట్టుకునేలోగా ఇంకొకటి తెగతాది. తప్పు దిద్దబోయి పడుగే పోతాది. ముందుకి నెయ్యి. ఇది మీ అమ్మ కట్టుకుంటాదిలే."

అమ్మ కట్టుకుంది. ఎంత చక్కగా కట్టుకుందో! పట్టీ సరిగ్గా భుజం మీదికి వచ్చేది, దాచడానికి వీల్లేదు. కాణిపాకం పోయినా అదే, బంధువుల పెళ్ళికి పోయినా అదే. ఎవరన్నా వింతగా చూస్తే, అడగకముందే భుజం ముందుకు పెట్టి, "మా మురుగడు నేసినాడు. ఇదో, ఈ పట్టీ కూడా వాడిదే" అని చెప్పేది. సిగ్గుతో చచ్చిపోయేవాడు మురుగేష్. ఇప్పుడు ఆ సిగ్గు మళ్ళీ వస్తే బాగుండుననిపించింది.

అతను చీరను వెలుతురులోకి పట్టుకున్నాడు. పట్టీ ముగిసిన చోటు నుంచి ముదురాకుపచ్చ మళ్ళీ మొదలై రెండో కొసదాకా సాఫుగా పోయింది. ఎక్కడా ముడి లేదు, పీచు లేదు. తప్పు అక్కడే ఉండిపోయింది, చీర దాన్ని దాటి వచ్చేసింది. ఇన్నేళ్ళూ అతను పట్టీనే చూశాడు గాని తర్వాత నేసిన గుడ్డను చూడలేదు.

"భువనా!"

"ఊఁ."

"ఇందాక అబద్ధం చెప్పినా. ఉండాది."

భువనేశ్వరి అతని వైపు తిరిగింది.

"తిరిగొస్తాదని లోపల ఉండాది. పొద్దున లేస్తానే అదే. పోయినచోటే పట్టుకోవల్ల, ముడెయ్యల్ల, సరిచెయ్యల్ల అని చెయ్యి లాగతాది. పోగు తెగితే వదిలేసి నెయ్యడం నాకు రాదు గదా. ఇదీ అట్లేననుకున్న్యా. ఒక్క ఆట తగిల్తే అంతా సరైపోతాది అనుకుంటా ఎనక్కి పోతానే ఉండా. ఎంత ఎనక్కి పోయినానో నాకే తెలీదు."

ఎన్ని కర్పూరాలు వెలిగించినా రానంత ఏడుపు అప్పుడొచ్చింది.

భువనేశ్వరి బ్యాగు కింద పెట్టలేదు గాని భుజం మీద నుంచి చేతిలోకి దించుకుంది. "ఇన్ని దినాల్లో నువ్వు నాతో చెప్పిన నిజం ఇదొక్కటే బావా" అంది.

వీధిలో బండి వచ్చి ఆగిన చప్పుడైంది. సగం మూసిన తలుపు ధడాలున తెరుచుకుంది.

"మురుగేషూ! తగిలిందప్పా, తగిలింది! ఆఖరి బంతికి కొట్టినారు సూడు! ఫోను తియ్యవేందప్పా నువ్వు?"

ధర్మేంద్ర మొహం చాటంతైంది. లోపల ఆడవాళ్ళు ఉన్నారని కూడా చూసుకోలేదు.

మురుగేష్ గుండె ఒక్క గంతు వేసింది. ఆ గంతు అతనికి స్పష్టంగా తెలిసింది. చేతిలో చీర ఉంది, కళ్ళల్లో నీళ్ళు ఇంకా ఆరలేదు, అయినా ఒళ్ళంతా ఒక్కసారి వేడెక్కింది. మగ్గం నిలబడింది! బండి రాదు! నాయనకు తెలియనే తెలియదు!

"ఏందబ్బయా, గెలిచినాడా?" చౌడేశ్వరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "పోయింది వచ్చిందా? అమ్మా, తల్లీ చౌడమ్మా!"

"వచ్చిందత్తా! పా మురుగేషూ, పుత్తూరు పోయి తీసుకుందాం. నువ్వుంటేనే ఇస్తారు. లేకుంటే రేపటి ఆటకి ఎత్తిపెట్టేస్తారు."

మురుగేష్ ఒక కాలు చెప్పులో పెట్టేశాడు. ఎప్పుడు పెట్టాడో అతనికే తెలియదు.

భువనేశ్వరి ఆపలేదు. బ్యాగు పట్టుకుని గోడకానుకుని నిలబడి అతన్నే చూస్తోంది.

వెనక గది తలుపు దగ్గర అలికిడైంది. వరదయ్య వచ్చి నిలబడ్డాడు. ఒక్క రోజులో మనిషి వంగిపోయాడు. కొడుకు చేతిలో ఉన్న చీరను చూశాడు, చెప్పులో ఉన్న కాలును చూశాడు.

"ఇంకా ఎంత దూరం విప్పుతావు నాయనా?" అన్నాడు మెల్లగా.

అంతే. లారీ పోయినప్పటి నుంచి ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

మురుగేష్ కాలు చెప్పులోంచి వెనక్కి వచ్చింది.

"నేను రాను ధర్మేంద్రా."

"ఏంది?"

"నాకొద్దప్పా ఆ దుడ్లు."

"తలకాయ తిరిగిందా ఏంది నీకు? గెల్చిన దుడ్లు వద్దంటావా!"

చౌడేశ్వరమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఒరే మురుగా, ఇంట్లో మగ్గం లేదు, చేతిలో పని లేదు. వచ్చింది తెచ్చుకో. ఈ ఒక్క తూరికి తెచ్చుకుని మానెయ్యి నాయనా!"

"అమ్మా, ఈ ఒక్క తూరి అని నేను ఎన్ని తూర్లు అనుకున్న్యానో నీకు తెలీదు. ఇప్పుడు ఆ దుడ్లు నా చేతికొస్తే, పోయింది తిరిగొస్తాదనే మాట నిజమైపోతాది. ఇంక నేను సచ్చేదాకా దాన్ని నమ్ముతానే ఉంటా. అప్పుడు నన్నెవురూ పట్టలేరమ్మా."

ధర్మేంద్ర అందరి మొహాలూ చూశాడు. చూసి, బయటికి పోయి బండిని మళ్ళీ స్టార్టు చేశాడు.

"నా మాట విను. రేపు పొద్దున దాకా ఎట్లనో ఆపిపెడతా. మనసు మారితే ఒక్క ఫోను కొట్టు, చాలు." బండి వీధి మలుపు తిరిగేదాకా ఆ శబ్దం ఇంట్లోకి వినిపిస్తూనే ఉంది. రుక్మిణమ్మ అరుగు మీద లేదు, బహుశా తలుపు వెనక ఉంది.

భువనేశ్వరి మొహంలో ఏదో మెత్తబడింది. బ్యాగు కింద పెట్టబోయింది.

"ఆగు. పెట్టొద్దు" అన్నాడు మురుగేష్. "ఇంకొకటి ఉండాది. అది కూడా విని పెట్టు."

అతను తండ్రి వైపు తిరిగాడు. మొహం చూసి చెప్పే ధైర్యం లేక, ఆయన పాదాల వైపు చూస్తూ చెప్పాడు.

"నాయనా, నిన్న బెట్టు కట్టిన దుడ్లు నీ మగ్గానివి. తిరపతి హోటలోళ్ళ కాడ అడ్వాన్సు తీసుకున్న్యా. రేపు పొద్దున బండి వస్తాది."

చౌడేశ్వరమ్మ "అయ్యో!" అని గోడ పట్టుకుని కూలబడింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆ మగ్గానికే మొదటి పసుపు రాసిన చేతులు ఆమెవి.

నాయన ఇప్పుడు కొడతాడు, ఇప్పుడు తిడతాడు అని మురుగేష్ ఎదురుచూశాడు. కొడితే బాగుండును కూడా అనిపించింది. వరదయ్య వెనక్కి తిరిగి గదిలోకి పోయాడు. లోపల చెక్కమేకు మీద సుత్తి పడిన చప్పుడు వినిపించింది. ఒకటి. మళ్ళీ ఒకటి.

మురుగేష్ పరుగెత్తుకుంటూ పోయాడు.

వరదయ్య గుంతలో దిగి, అచ్చు పలకను పట్టి ఉంచే మేకులు వదులుచేస్తున్నాడు. ఒక్క దెబ్బ కూడా గురి తప్పడం లేదు.

"ఏం చేస్తా ఉండావు నాయనా?"

"కొత్తోళ్ళకి విప్పడం చేతకాదు. అచ్చు పళ్ళు విరగ్గొడతారు." ఆయన తలెత్తలేదు. "నేనే విప్పి ఇస్తా. ఆ పక్క పట్టుకో."

"నాయనా, ఇప్పుడే ధర్మేంద్రకి ఫోన్ చేస్తే..."

మాట నోట్లోంచి వచ్చేశాక గాని తానేమన్నాడో మురుగేష్‌కు తెలియలేదు. నాలుక కరుచుకున్నాడు. వరదయ్య సుత్తి గాలిలో ఆగింది.

"మనసు అడగతా ఉండాది గదా?" అన్నాడు ఆయన.

"అడగతా ఉండాది నాయనా."

"అడగనీ. ఆ పక్క పట్టుకో."

మురుగేష్ గుంతలోకి దిగాడు. కాళ్ళకు ఆ చల్లదనం, ముక్కుకు ఆ తడి మట్టి వాసన తగిలాయి. పదో తరగతి సెలవుల్లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అతను పలకను రెండు చేతులతో పట్టుకున్నాడు. పలక నుదుటి మీద పోయిన శుక్రవారం వరదయ్య పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు.

గుమ్మంలో భువనేశ్వరి వచ్చి నిలబడింది. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతి మీద ఆకుపచ్చ చీర.

"మోనికని ఇంటికే తీసుకొస్తా. రేపు బండి వచ్చేదాకా ఉంటా" అంది.

"తర్వాత?"

"బండి పోయినాక నీ మొకం చూసి చెప్తా."

మురుగేష్ జేబులోంచి ఫోను తీసి ఆమె వైపు చాపాడు. "ఇది నీ కాడ పెట్టుకో భువనా."

ఆమె చెయ్యి చాపలేదు. ఫోను వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూసింది.

"నీ కాడే ఉండనీ బావా" అని, చీర భుజం మీద వేసుకుని బడి వైపు వెళ్ళిపోయింది.

మురుగేష్ ఫోనును మళ్ళీ జేబులోనే పెట్టుకుని, వంగి పలక ఎత్తాడు.